ఇల్లు ఎన్నాళ్లకోసారి కడిగించాలి?



ఈ మధ్య నారాయణఖేడ్‌లో చాలా ఇండ్లలో ఒక ముచ్చట నడుస్తోంది. ఇల్లు శుభ్రం చేయడానికి బయటి మనిషిని పెట్టుకుందామా, పెట్టుకుంటే ఎన్నాళ్లకోసారి పిలుద్దాం అని. భార్యాభర్తలిద్దరూ నౌకరీ చేసే ఇండ్లలో ఆదివారం పొద్దున ఈ మాట వస్తుంది. పటాన్‌చెరులోనో లింగంపల్లిలోనో ఉంటున్న కొడుకులు ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, నెలకోసారి ఎవరినన్నా పిలిపించుకోరాదే, పైసలు నేను పంపుత" అంటున్నారు. "నా చేతులు పడిపోయినయా బిడ్డా" అని ఆ తల్లి జవాబు.

ఒకప్పుడు ఖేడ్‌లో ఈ ప్రశ్నే లేదు. పండుగకు ముందు ఇంటిల్లిపాదీ బూజు దులిపేవాళ్లు, సున్నం వేసేవాళ్లు, మిగిలిన రోజుల్లో ఇంటి ఆడవాళ్లే ఊడ్చేవాళ్లు. 2016 అక్టోబర్‌లో సంగారెడ్డి జిల్లా ఏర్పడి ఖేడ్ రెవెన్యూ డివిజన్ కేంద్రం అయ్యాక, ఆ తర్వాత మున్సిపాలిటీ అయ్యాక, ఉద్యోగస్తుల ఇండ్లు పెరిగాయి. ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి. పెద్ద ఇల్లు అట్లాగే ఉంది, అందులో మనుషులు ఇద్దరే మిగిలారు. ఊడ్చవలసిన జాగా తగ్గలేదు, ఊడ్చే చేతులు తగ్గిపోయాయి.

ఆ చేతులు ఎవరివో కూడా చెప్పుకుందాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు ఆ పని మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారనీ, చేసే మగవాళ్లు 97 నిమిషాలు గడుపుతున్నారనీ తేలింది. 2024లో మళ్లీ చేస్తే అవి 289, 88 నిమిషాలు. ఆడవాళ్లకు తగ్గింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలను మగవాళ్లు అందుకున్నదీ లేదు, వాళ్లవీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. అందుకే ఇల్లు ఎన్నాళ్లకోసారి కడిగించాలి అన్న ప్రశ్నను ఇంటి యజమాని ఖర్చు లెక్కగా కాకుండా, రోజుకు ఐదు గంటలు వంగి లేచే మనిషి నడుము లెక్కగా చూడాలని నా అభిప్రాయం. ఇంట్లో పొర్క పట్టే మనిషినే ముందు అడగండి, ఏ పని దగ్గర ప్రాణం మీదికి వస్తోందని. ఒకరు అటుక మీది సామాను దించి దులపడం అంటారు, ఒకరు బాత్రూం అంటారు. ఆ పని ఎన్నాళ్లకోసారి వస్తుందో, బయటి మనిషి కూడా మొదట అన్నాళ్లకోసారి రావాలి.

హైదరాబాద్‌లో ఫోన్ యాప్‌లో నొక్కితే మిషన్లు పట్టుకుని నలుగురు వచ్చి, డీప్ క్లీనింగ్ అని చేసి వెళ్తారు. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇండ్లలో రెండు వారాలకోసారి మనిషిని పిలిపించుకోవడం మామూలు. ఆ లెక్కలను తెచ్చి ఖేడ్‌లో పెడితే సరిపోవు. అక్కడ కిటికీలు మూసుకుని ఉంటారు. మన తలుపు పొద్దున తీస్తే రాత్రి దాకా తెరిచే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, మన దుమ్ము వారాల ప్రకారం రాదు. పంటల ప్రకారం వస్తుంది.

ఈ ప్రాంతం నేల చాలావరకు నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలు బాస్తుంది, బండ్లు, పశువులు తొక్కిన చోట పైపొర పిండి అవుతుంది. రోహిణి కార్తెలో గాలిదుమారం లేస్తే ఆ పిండి కిటికీ సందుల్లోంచి వచ్చి బీరువా వెనుక, దేవుడి పటాల మీద, మడతపెట్టిన బొంతల మీద కూచుంటుంది. మిరుగం వానలు పడగానే అదే రేగడి జిగురై చెప్పులకు పట్టుకుని వాకిట్లోంచి వంటింటి దాకా వస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో పెసర, మినుము కొట్టుడు. తర్వాత సోయా. దసరా నుంచి పత్తి. ధర కోసం ఆగే రైతుల ఇండ్లలో ముందటి అర్ర నిండా పత్తి ఉంటుంది, దాని నూగు లేచి సాలెగూళ్లకు, ఫ్యాను రెక్కలకు చుట్టుకుంటుంది. పుష్యంలో కంది కొట్టుడు మొదలైతే పొట్టు గాలిలో తేలి ఊరంతా పరుచుకుంటుంది. యాసంగి జొన్న ఇంటికి చేరేసరికి మళ్లీ ఎండలు.

ఇన్ని దుమ్ములు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటే, మనం ఎప్పుడు కడుగుతున్నాం? ఉగాదికి ముందు ఇల్లంతా దులిపి కడుగుతాం. తర్వాత రెండు నెలలు గాలి దుమ్ము. ఇల్లు అన్నిటికన్నా ఎక్కువ మాసిపోయేది రోహిణి దాటాక. ఆ సమయానికి ఎవరూ ఇల్లు ముట్టుకోరు, విత్తనాల పనుల్లో ఉంటారు. ఆ దుమ్ము అట్లాగే ఉండి, వానాకాలం తేమ తగిలి గోడకు అతుక్కుని, పెత్రమాస దాకా అక్కడే ఉంటుంది. బతుకమ్మకు ముందు దాన్ని గీకి తీయడానికి ఒక్క రోజు పని మూడు రోజులవుతుంది. ఉగాదికి కడగవద్దని నేననడం లేదు. పండుగకు ఇల్లు కడగకుండా ఎవరుంటారు? బయటి మనిషికి పైసలిచ్చి చేయించే పెద్దపనిని మాత్రం దుమ్ము వచ్చి పోయిన తర్వాత పెట్టుకోమంటున్నాను. మిరుగం వానలు రెండు గట్టిగా పడి గాలి ఆగాక ఒకసారి. పెత్రమాసకు వారం పది రోజుల ముందు ఒకసారి. పత్తి అమ్ముడుపోయి, కంది ఇంట్లోకి వచ్చాక ఒకసారి. ఉగాది పని ఎట్లాగూ ఉంటుంది, దాన్ని ఇంట్లోవాళ్లు తేలికగా చేసుకోవచ్చు, లేదంటే నాలుగోసారి పిలవచ్చు. ముస్లిం కుటుంబాలకు రంజాన్ ముందు ఇల్లంతా కడిగి సున్నం వేసుకోవడం ఆనవాయితీ. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి, ఆ ఏడు అది ఏ పంట దుమ్ము దగ్గర పడుతోందో చూసుకుని మిగిలినవి అటూ ఇటూ జరుపుకోవాలి.

ఇది వ్యవసాయం ఉన్న ఇండ్ల లెక్క. ఏడాదికి మూడు నాలుగుసార్లు, ఇద్దరు మనుషులు, ఒక నిండు రోజు.

ఖేడ్ పట్టణంలోనే కాలనీలో ఉండే ఉద్యోగస్తుల ఇంటికి పంట దుమ్ము తక్కువ, రోడ్డు దుమ్ము ఎక్కువ. వాళ్లకు ఏడాదికి నాలుగుసార్లు చాలదు. అట్లాగని వారం వారం అవసరమా? దీన్ని పక్కింటివాళ్లను చూసి తేల్చుకోవద్దు, మీ ఇల్లే చెబుతుంది. ఒకసారి ఇల్లు శుభ్రంగా కడిగించాక మూడు చోట్లు గమనించండి. ఒకటి ఫ్యాను రెక్క అంచు. వేలితో గీస్తే స్పష్టంగా గీత పడటానికి ఎన్ని రోజులు పట్టిందో చూడండి. రెండు, పొయ్యి వెనుక గోడ. అరచేయి ఆనిస్తే జిడ్డు తగలడానికి ఎన్ని రోజులు? మూడు, బాత్రూం బకెట్ అంచు, నల్లా మూతి. తెల్లటి పొర కట్టడానికి ఎన్ని రోజులు?

ఈ మూడూ ఒక్క తీరున మాసిపోవు. రోడ్డు పక్క ఇంటికి ఫ్యాను రెండు వారాల్లోనే నల్లబడుతుంది, లోపలి గల్లీలో అదే నెలన్నర పట్టవచ్చు. రోజూ పోపు వేసి, రొట్టెలు కాల్చే వంటింట్లో గోడ జిడ్డు తొందరగా పడుతుంది. జొన్నపిండి ఆ జిడ్డుకు అంటుకుంటే గట్టిపడి గీకితే తప్ప రాదు. బాత్రూం సంగతి నీళ్లను బట్టి ఉంటుంది. సింగూరు నీళ్లు నల్లాలో వచ్చే ఇంటికి ఒక తీరు, ఉప్పు బోరు మీదే నడిచే ఇంటికి ఇంకో తీరు. మూడింటిలో ఏది తొందరగా పాడవుతోందో ఆ పనికే మనిషిని పిలవండి, అన్ని రోజులకోసారి. మొత్తం ఇల్లు ప్రతిసారీ కడిగించనక్కర లేదు. నేను చూసినంతలో ఇద్దరూ ఉద్యోగం చేసే, చిన్నపిల్లలున్న ఇంటికి నెలకోసారి ఒక పూట పని సరిపోతోంది. వంటిల్లు, బాత్రూములు, ఫ్యాన్లు ఆ పూటలో అయిపోతాయి. ఊడ్చడం, పోచ పెట్టడం ఇంట్లోవాళ్లందరూ, మగవాళ్లూ పిల్లలూ కలిసి, వంతులు వేసుకుని చేసుకోవాలి.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే నెలకోసారి చాలదు. వానాకాలంలో గాలిలో తేమ పెరిగితే పరుపుల్లో, బొంతల్లో కంటికి కనిపించని పురుగులు పెరుగుతాయి, దగ్గు, తుమ్ములు వాటివల్ల ఎక్కువవుతాయి. ఆ నాలుగు నెలలు పదిహేను రోజులకోసారి తడిబట్టతో తుడిపించడం, ఎండ కాసిన రోజున పరుపులు మిద్దె మీద వేయించడం మంచిది. పొడి పొర్కతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ అక్కడే దిగుతుంది. ఉబ్బసం మనిషి ఉన్న ఇంట్లో ఆ పని జరుగుతున్నంతసేపు ఆ మనిషి బయట ఉండాలి.

ఇక పెద్దవాళ్లు ఇద్దరే, లేదా ఒక్కరే ఉండే ఇండ్లు. ఖేడ్ చుట్టుపక్కల ఊళ్లలో ఇట్లాంటివి ఎన్నో. ఈ ఇండ్లకు పదిహేను రోజులకోసారి మనిషి రావాలని నేను గట్టిగా చెబుతాను. ఇల్లు అంతగా మాసిపోతుందని కాదు. పెద్దామె స్టూలు ఎక్కి బూజు దులపకూడదు, సబ్బునీళ్లు పోసిన బాత్రూంలో ఒంటరిగా వంగి రుద్దకూడదు. తుంటి ఎముక విరిగితే ఆ ముసలితనం మంచానికే పరిమితమైపోవచ్చు. "నా చేతులు పడిపోయినయా" అనే తల్లికి ఇల్లు మురికిగా ఉందని చెబితే మనసు నొచ్చుకుంటుంది. పైపని, తడిపని వాళ్లు చేస్తారు, పొయ్యి దగ్గర, దేవుని అర్రలో నీ ఇష్టం అని చెబితే ఒప్పుకుంటుంది. వచ్చే మనిషి ప్రతిసారీ ఒకరే అయితే ఇంకా మేలు. పదిహేను రోజులకోసారి తెలిసిన మొఖం ఇంట్లోకి వస్తుంది, ఆమెకు జ్వరం వచ్చినా, కాలు వాచినా ఎవరో ఒకరు చూస్తారు.

తాళం వేసిన ఇండ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. మూడు నెలలకోసారి తెరిపించి, గాలి ఆడనిచ్చి, చెదలు, ఎలుకలు చూసి, ఊడిపిస్తే చాలు. బాత్రూం గొట్టాల్లో నిలిచే నీళ్లు మాత్రం అంతకన్నా ముందే ఆరిపోయి, కింది నుంచి వాసనా బొద్దింకలూ పైకి వస్తాయి. తాళం చెవి ఉన్నవాళ్లను నెలకోసారి బకెట్ నీళ్లు పోయమని అడగండి.

ఒక విషయం దగ్గర కొంచెం ఆగాలి. ఖేడ్ పాత ఇండ్లలో నేలకు షాబాదు బండలు, తర్వాత కట్టిన చాలా ఇండ్లలో తాండూరు బండలు ఉంటాయి. షాబాదు కర్ణాటకలో కలబురగి జిల్లాలో ఉంది, తాండూరు మన వికారాబాద్ జిల్లాలో. రెండు బండలూ సున్నపురాయే. సున్నపురాయికి ఆసిడ్ పడదు, నిమ్మరసం ఒలికి ఆరినా మచ్చ మిగులుతుంది. చాలామంది బాత్రూంకు తెచ్చిన ఆసిడ్‌నే బకెట్ నీళ్లలో కలిపి ఇల్లంతా పోయిస్తారు. బుస్సుమని నురగ వస్తుంది, మురికి కరుగుతోందని సంతోషిస్తాం. అక్కడ కరిగేది బండ. పైన ఏళ్ల తరబడి పాదాలు తగిలి వచ్చిన నునుపు పోతుంది, గరుకు తేలుతుంది, ఆ గరుకులో మురికి మునుపటికన్నా తొందరగా దూరుతుంది. నెలకోసారి కడిగితే సరిపోయే నేల వారానికోసారి కడగవలసి వస్తుంది. గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బు, కొబ్బరి పీచు, చివరకు పొడిబట్ట. ఆ బండకు ఇంతకన్నా ఏమీ వద్దు. బ్లీచింగ్ పౌడర్, ఆసిడ్ రెండూ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూంలో అది ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. పని చేయడానికి వచ్చిన మనిషికి ఈ మాట చెప్పి, ఆ రెండు డబ్బాలూ ఒక చోట పెట్టకుండా చూడటం ఇంటివాళ్ల బాధ్యత.

పని తెలిసిన మనిషిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఫ్యాను దగ్గర చూడండి. పని తెలియనివాళ్లు పొర్కతో కొడతారు, దుమ్మంతా మంచం మీద పడుతుంది. తెలిసిన ఆమె పాత దిండు గలీబు అడిగి, రెక్కకు తొడిగి, రెండు చేతులతో అదిమి మెల్లగా వెనక్కి లాగుతుంది. దుమ్ము మొత్తం గలీబు లోపలే ఉండిపోతుంది. దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి విదిలించి, అప్పుడు తడిబట్ట పడుతుంది. పైనుంచి మొదలుపెట్టి కిందికి వస్తుంది, లోపలి అర్ర నుంచి వాకిలి వైపు వస్తుంది, పొడిపని అంతా అయ్యాక గానీ నీళ్లు ముట్టదు. ఇది నైపుణ్యం. దీనికి తగ్గ కూలి ఇవ్వాలి.

ఎంత ఇవ్వాలి? 2025–26కు తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు అని ప్రకటించారు. మన ఇంట్లో రోజంతా చేసే పనికి అంతకు తగ్గించి బేరమాడటం న్యాయం కాదు. ఆసిడ్ వాసన, మెడ పైకెత్తి చేసే పని, బాత్రూములు రుద్దడం ఉన్నాయి కాబట్టి దానికి బాగా పైన ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న ఒడంబడిక చేసింది, వారానికి కనీసం ఇరవై నాలుగు గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. మన దేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు. పనిచోట ఆడవాళ్లను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2013 చట్టం మాత్రం మన ఇంటిని కూడా పనిచోటుగానే లెక్కిస్తుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబర్ 10 నుంచి నిషేధం, తల్లి వెంట వచ్చిన పిల్ల చేతికి కూడా చీపురు ఇవ్వకూడదు. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం నేరం, దానికి మిషన్ బండినే పిలవాలి. వేరే గ్లాసు, వేరే పళ్లెం పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇండ్లలో ఉంది. మన వంటింటిని శుభ్రం చేసే చేతికి ఆ వంటింటి గ్లాసు ఇవ్వలేకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

పనికి వచ్చే ఆమెకూ ఒక పని కాలం ఉంటుంది. ఖేడ్ ప్రాంతం తండాల్లోంచి, పల్లెల్లోంచి ఎన్నో కుటుంబాలు దసరా, దీపావళి దాటాక చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర, కర్ణాటక వైపు, కట్టుబడి పనికి హైదరాబాద్ వైపు పోతాయి. ఊళ్లో ఉన్న ఆడవాళ్లకు అదే సమయంలో పత్తి ఏరుడు. అప్పుడు ఇంటిపనికి మనిషి దొరకదు. ఎండాకాలంలో చేనుపని ఉండదు, అప్పుడు మనం పిలవం. ఏడాదికోసారి పండుగ ముందు హడావిడిగా పిలిచి, తర్వాత పదకొండు నెలలు మరిచిపోతే ఆ కూలి ఎవరి సంసారానికీ ఆసరా కాదు. అదే కాలనీలో నాలుగైదు ఇండ్లవాళ్లు కలిసి మాట్లాడుకుని, ఒక్కో ఇంటికి నెలకో పూట చొప్పున, ఏ తేదీకి ఏ ఇల్లో ముందే చెప్పేస్తే ఆమెకు ప్రతి వారం పని ఉన్నట్టవుతుంది, మీకు మనిషి కోసం వెతుకులాట తప్పుతుంది. అంగడి రోజు తప్పించి తేదీ పెట్టుకోండి. మీకు చుట్టాలొచ్చి ఆ పూట వద్దనుకుంటే ఒకరోజు ముందు చెప్పండి, అప్పటికప్పుడు వద్దంటే సగం కూలైనా ఇవ్వండి, ఆమె ఆ పూట వేరే పని వదులుకుంది కాబట్టి.

మొదలుపెట్టేవాళ్లు మూడు నెలలు ఒక తీరున నడిపి చూడండి. ఆమె వచ్చే రోజుకు ఫ్యాను, గోడ, బకెట్ ఇంకా బాగానే ఉన్నాయంటే ఇంకో వారం జరపండి. ఆమె వచ్చేసరికే ఇంట్లో ఆడవాళ్లు ఓపలేక రెండుసార్లు రుద్దేసి ఉంటే, తేదీ దగ్గరికి తీసుకురండి. పెత్రమాస ముందు పెద్దపని కోసం మాత్రం శ్రావణం దాటకముందే మాట్లాడి పెట్టుకోండి. భాద్రపదం చివర్లో అడిగితే ఖేడ్‌లో ఆ పనికి ఎవరూ ఖాళీగా ఉండరు.